ఎనభై అయిదు దాటినవారి జ్ఞాపకశక్తిని యాంటీఆక్సిడెంట్ ఆహారం నిలబెట్టగలదా?

తెనాలి మనవరాలు:
మా నాయనమ్మకు 87 ఏళ్లు. తెనాలిలో మా బాబాయి ఇంట్లో ఉంటుంది. ఏడాదిగా పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం, పొద్దున వచ్చి వెళ్లిన చుట్టాలను గురించి సాయంత్రం మళ్లీ అడగడం మొదలైంది. అమెరికాలో ఉన్న మా పెద్దనాన్న గారబ్బాయి 400 యూనిట్ల విటమిన్ ఇ గుళికల డబ్బా, ఎండు బ్లూబెర్రీల పొట్లాలు పంపించి, మెదడు కణాలు దెబ్బతినకుండా ఇవి కాపాడతాయి కాబట్టి రోజూ ఇవ్వవలసిందేనని ఫోను చేసినప్పుడల్లా చెబుతున్నాడు. బాబాయి మాత్రం, పుట్టినప్పటి నుంచి గోంగూర, ఉసిరికాయ, జామకాయ తిన్న మనిషికి కొత్తగా ఇచ్చేదేముందని కొట్టిపారేస్తున్నాడు. ఈ వయసులో ఇటువంటి ఆహారం వల్ల గాని, గుళికల వల్ల గాని జ్ఞాపకశక్తికి మేలు జరుగుతుందనడానికి ఆధారాలున్నాయా? దయచేసి సొంత నమ్మకాలు కాక, అధ్యయనాలు తెలిసినవారు చెప్పగలరు.

పోషకాహార విద్యార్థిని:
ఆహారం విషయంలో ఆధారాలున్నాయనే నా వాదన. శరీరం బరువులో దాదాపు 2 శాతం మాత్రమే ఉండే మెదడు మనం పీల్చుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం వాడుకుంటుంది. మెదడు కణాల పొరల్లో సులభంగా ఆక్సీకరణకు లోనయ్యే కొవ్వులు ఎక్కువ. అందువల్ల ఆ ఆక్సీకరణను అడ్డుకునే విటమిన్ ఇ, విటమిన్ సి వంటి రక్షక పదార్థాల (యాంటీఆక్సిడెంట్ల) అవసరం అక్కడ ఎక్కువని భావించడంలో తప్పు లేదు. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 5,395 మందిని సగటున 6 ఏళ్లు గమనించి 2002లో వెలువరించిన అధ్యయనంలో, ఆహారంలో ఈ రెండు విటమిన్లు ఎక్కువగా తీసుకున్నవారికి అల్జీమర్స్ తక్కువగా వచ్చింది. అదే ఏడాది షికాగో నుంచి 65 ఏళ్లు దాటిన 815 మంది మీద వచ్చిన అధ్యయనంలో ఆహారం ద్వారా అందిన విటమిన్ ఇ తోనే ఆ సంబంధం కనిపించింది గాని, మాత్రల ద్వారా అందిన దానితో కనిపించలేదు. కాబట్టి మీ బాబాయి గారి వైపే నా ఓటు. గుళికలు పక్కన పెట్టి, వేరుశనగలు, ఆకుకూరలు, పండ్లు ఇవ్వండి.

విశ్రాంత గణాంకుడు:
విద్యార్థిని గారు రెండు అధ్యయనాలు చెప్పి మూడోదాన్ని వదిలేశారు. న్యూయార్క్‌లో 980 మంది వృద్ధుల మీద 2003లో వచ్చిన అధ్యయనంలో ఆహారం నుంచి గాని, మాత్రల నుంచి గాని ఈ విటమిన్ల వల్ల అల్జీమర్స్ ముప్పు తగ్గినట్టు తేలలేదు. షికాగోలో కూడా ఆ మేలు అల్జీమర్స్ ముప్పును పెంచే ఎపిఒఇ-4 అనే జన్యురూపం లేనివారికే పరిమితమైంది.

అయితే నా అసలు అభ్యంతరం వయసు గురించి. రాటర్‌డామ్ పరిశీలన 55 ఏళ్ల నుంచి మొదలైంది, షికాగోది 65 నుంచి. అడిగిన ప్రశ్న 87 ఏళ్ల మనిషిని గురించి. ఆ వయసువారినే ఎంచుకున్న పరిశోధన ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జరిగింది. 1921లో పుట్టినవారిని, వారికి 85 ఏళ్లు వచ్చిన 2006లో చేర్చుకుని, అంతకు ముందు రోజు ఏమేం తిన్నారో అడిగి రాసుకున్నారు. వారిలో 791 మంది ఆహార అలవాట్లను విశ్లేషించి 2016లో వెలువరించిన వ్యాసంలో, ఎర్ర మాంసం, బంగాళదుంపలు, మాంసపు గ్రేవీ, వెన్న ఎక్కువగా తినేవారు మేధోపరీక్షల్లో వెనకబడి ఉన్నట్టు తేలింది. దీన్ని పట్టుకుని తిండి మెదడును నిర్ణయిస్తుందని అనుకునేలోపే అదే వ్యాసంలో మరో ఫలితం అడ్డం వస్తుంది. తరువాతి సంవత్సరాల్లో మేధాశక్తి క్షీణించిన వేగంలో ఈ అలవాట్ల వల్ల తేడా ఏమీ లేదు. అంటే, మొదలైన మెట్టు తక్కువే గాని, దిగే వేగం సమానం.

ఇందులో నాకు కనిపించే అర్థం ఇది. 85 ఏళ్లప్పుడు కనిపించిన తేడా ఆనాటి పళ్లెంలో పుట్టినది కాకపోవచ్చు. చిన్నప్పటి చదువు, చేసిన ఉద్యోగం, చేతిలో ఆడిన డబ్బు, ఇవన్నీ ఒక మనిషి ఏం తింటాడన్నదాన్నీ, పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకుంటాడన్నదాన్నీ రెంటినీ నిర్ణయిస్తాయి. పరిశోధకులు లెక్కల్లో వీటిని సర్దుబాటు చేస్తారు, కాని ఎనభై ఏళ్ల జీవితాన్ని నాలుగు గడులలో సర్దడం ఎంతవరకు సాధ్యమో లెక్కలు కట్టి బతికినవాడిగా నాకు తెలుసు. పైగా మతి తగ్గుతున్న మనిషి వంట మానేస్తాడు, ఆకలి మరచిపోతాడు, అందిందే తింటాడు. అప్పుడు పళ్లెం వల్ల మెదడు క్షీణించిందా, మెదడు క్షీణించడం వల్ల పళ్లెం చిక్కిపోయిందా? నిన్న ఏం తిన్నారని జ్ఞాపకం తగ్గినవారినే అడిగి, ఆ జవాబును వారి జ్ఞాపకశక్తితో పోల్చి చూడడంలోని చిక్కు వేరే చెప్పనక్కరలేదు.

ఈ చిక్కులను తప్పించడానికే చీటీలు వేసి కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చే ప్రయోగాలు చేస్తారు. స్వల్ప మతిమరుపు ఉన్న 769 మందిని మూడు వర్గాలుగా విడదీసి 3 ఏళ్లు గమనిస్తే, రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న వర్గంలో అల్జీమర్స్‌లోకి జారడం తగ్గలేదని 2005లో తేలింది. విటమిన్ ఇ, సెలీనియం అనే ఖనిజం ఇచ్చి చూసిన 7,540 మంది పురుషుల అధ్యయనంలోనూ డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) ఆగలేదని 2017లో వెల్లడైంది.

పోషకాహార విద్యార్థిని:
గణాంకుడు గారూ, మతి తగ్గడం వల్లే తిండి మారి ఉండవచ్చన్న తారుమారు సంబంధం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కాని మీరు చెప్పిన ప్రయోగాలన్నీ మాత్రలవి, పైగా కొద్ది కాలానివి. అమెరికాలో వైద్యులనే పాల్గొనేవారిగా తీసుకుని జరిపిన ప్రయోగంలో రోజు విడిచి రోజు 50 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఆకుకూరల్లో, క్యారెట్‌లో ఉండే మరో యాంటీఆక్సిడెంట్) ఇచ్చారు. ఒక ఏడాది తీసుకున్నవారిలో తేడా లేదు. సగటున 18 ఏళ్లు తీసుకున్నవారిలో మాత్రం జ్ఞాపకశక్తి కొద్దిగా మెరుగ్గా ఉన్నట్టు 2007లో ప్రకటించారు. కాలం అసలు విషయమని దీనర్థం కాదా?

విశ్రాంత గణాంకుడు:
అది కూడా మాత్రే కదమ్మా, తోటకూర కాదు. 87 ఏళ్ల నాయనమ్మకు 18 ఏళ్ల గడువు ఎక్కడినుంచి తేగలం? ఆహారం మీదే జరిగిన ప్రయోగం కావాలంటే, ఆకుకూరలకు, బెర్రీలకు, గింజలకు పెద్దపీట వేసే మైండ్ ఆహార విధానాన్ని 604 మంది మీద 3 ఏళ్లు పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మేధాశక్తిలో రెండు వర్గాల మధ్య గణనీయమైన తేడా లేదు.

పోషకాహార విద్యార్థిని:
పోలికకు పెట్టుకున్న వర్గానికి కూడా తక్కువ తినమని సలహాలిచ్చారు, వారూ బరువు తగ్గారు. ఏ సలహా పొందని మనుషులతో పోల్చి ఉంటే తేడా రాదని మీరు ఖాయంగా చెప్పగలరా? ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను.

వరంగల్ వైద్యుడు:
వాదన బాగుంది గాని, ఇంటి మనిషికి ముందుగా తెలియవలసినది గుళికల కీడు. ఫిన్లండులో పొగతాగే 29,133 మంది పురుషుల మీద జరిగిన ప్రయోగంలో బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది (1994). రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ, అంటే మీ ఇంటికి వచ్చిన డబ్బాలోని మోతాదే, తీసుకున్న పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగినట్టు 2011లో తేలింది. నాయనమ్మ గారికి ఈ రెండూ వర్తించకపోవచ్చు. కాని రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతున్న వృద్ధులకు ఎక్కువ మోతాదు విటమిన్ ఇ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వార్ఫరిన్ వంటి మందు వాడేవారు ఆకుకూరల మోతాదును ఉన్నట్టుండి పెంచకూడదు, తగ్గించకూడదు, ఎందుకంటే వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని మార్చేస్తుంది.

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. స్వల్ప నుంచి మధ్యస్థ స్థాయి అల్జీమర్స్ ఉన్న 613 మంది మాజీ సైనికుల ప్రయోగంలో రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ ఇ వల్ల స్నానం, దుస్తులు వేసుకోవడం వంటి రోజువారీ పనుల సామర్థ్యం క్షీణించే వేగం ఏటా 19 శాతం తగ్గింది (2014). జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం మేలు కనిపించలేదు. అది జబ్బు నిర్ధారణ అయినవారికి వైద్యుల కనుసన్నలలో ఇచ్చిన చికిత్స. మతిమరుపు మొదలైన ప్రతివారికీ డబ్బా తెరవడానికి అది ఆధారం కాదు.

నా దగ్గరికి ఇటువంటివారు వస్తే నేను ముందు అడిగేవి వేరు. బి12 ఎంత ఉంది, థైరాయిడ్ ఎలా ఉంది, వినికిడి తగ్గిందా, నిద్రమాత్రలు వాడుతున్నారా? మాంసం, పాలు తగ్గినవారిలో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్న మధుమేహులలో బి12 లోపం తరచుగా కనిపిస్తుంది. అది సరిచేయదగిన లోపం.

అమ్మను చూసుకునే కొడుకు:
మా అమ్మకు 91. పళ్లు లేవు. జామకాయ కొరకలేదు, వేరుశనగలు నమలలేదు, ఊరగాయలో ఉప్పు ఎక్కువని డాక్టరు వద్దన్నారు. మజ్జిగన్నం నాలుగు ముద్దలు లోపలికి పోతే ఆ రోజు పండగ. జామపండు గింజలు తీసి మెత్తగా చేసి పెడితే, పప్పులో మునగాకు మెత్తగా ఉడికించి కలిపితే తింటోంది. మీరు అంటున్న విటమిన్లలో ఎన్ని ఆ ఉడకబెట్టడంలో పోతాయో నాకు తెలియదు, కాని అమ్మ బరువు మాత్రం తగ్గడం ఆగింది.

పోషకాహార విద్యార్థిని:
విటమిన్ సి వేడికి, నీటికి చాలావరకు పోతుంది, కెరోటిన్ అంతగా పోదు. పప్పులో కాస్త నూనె ఉంటే కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది కూడా. విటమిన్ సి కోసం దించిన తరువాత నిమ్మరసం పిండండి.

తెనాలి మనవరాలు:
అందరికీ ధన్యవాదాలు. వైద్యుడు గారి మాట చూశాక బాబాయికి ఫోను చేసి మందుల చీటీ చదివించాను. గుండె లయ తప్పుతోందని రెండేళ్ల క్రితం మొదలుపెట్టిన రక్తం పలచబరిచే మాత్ర అందులో ఉంది. ఆ సంగతి అన్నయ్యకూ తెలియదు, నాకూ తెలియదు. గుళికలు ఆ రోజే ఆపించాము. బి12 పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చారు, ఫలితం సోమవారం వస్తుంది. ఇక బ్లూబెర్రీల విషయంలో మీలో ఎవరూ తగవు పడనక్కరలేదు. నాయనమ్మ ఒకటి నోట్లో వేసుకుని, ఇంతకన్నా రేగువడియాలు నయమని మిగిలినవి పక్కింటి పిల్లలకు పంచేసింది.