హనావు బంగారు పొడుం డబ్బీలు: నకిలీలా, కావా?

నగిషీ: జర్మనీలోని హనావు ఊళ్లో 18వ శతాబ్దంలో చేసిన ఎనామిల్ (గాజుపొడి కాల్చి వేసే రంగు పూత) పొడుం డబ్బీల మీద పారిస్ ముద్రల్లాంటివే కనిపిస్తాయి. పారిస్‌లో పనివాడి ముద్రతో పాటు పన్ను ముద్రలూ ఉండాలి. హనావు వాళ్లు దాదాపు వాటిలాగే కొట్టారు. కొనేవాళ్లు పారిస్ సరుకు అనుకోవాలనే కదా? ఇది నకిలీ కాకపోతే ఇంకేమిటి?

పాతబంగారం: నగిషీ గారూ, తొందరపడకండి. 1597లో అక్కడి కౌంట్ ఫ్రెంచి, డచ్చి మాట్లాడే కాల్వినిస్టు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) శరణార్థులను కొత్త పట్టణం కట్టుకోనిచ్చాడు. 1685లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ, ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన నాంత్ శాసనాన్ని రద్దు చేశాక ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు, అంటే హ్యూగెనాట్లు, జెనీవా, లండన్, బెర్లిన్‌ల దాకా చెల్లాచెదురయ్యారు. ఆ రాజు బొమ్మలనే ఎనామిల్‌లో చిత్రించిన జాన్ పెతితో డెబ్భై దాటిన వయసులో జైలుపాలై, చివరికి జెనీవా చేరాడు. తరిమేసిన దేశం పనితనం వాళ్ల చేతుల్లోనే ఉంది. దాన్ని దొంగతనం అంటే నాకు బాధేస్తుంది.

నగిషీ: బాధ నాకూ ఉందండీ. కానీ 1770ల నాటి పారిస్ ఫ్యాషన్ 1685లో వెళ్లిపోయిన తాతల నుంచి రాదు కదా. అది చూసి నేర్చుకున్నదే. శరణార్థుల వారసులైనంత మాత్రాన ముద్రల సంగతి మాఫీ కాదు.

కొలిమి: ముద్ర తప్పుదారి పట్టించేదే, నగిషీ గారి మాట నిజం. పని మాత్రం నకిలీ కాదు. గాజుపొడి పరిచి, ఒక్కో రంగుకు తగిన వేడిలో మళ్లీమళ్లీ కాల్చాలి. ఒక్క రంగు పగిలినా అంతకుముందు పడ్డ శ్రమంతా వృథా. పారిస్ పేరు చెప్పుకుంటే కొలిమి కనికరించదు.

బెర్లిన్ సంగతి చూడండి. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ 1740లో ఫ్రెంచి డబ్బీల దిగుమతిని నిషేధించాడు. డానియెల్ బొదెసోన్ అనే హ్యూగెనాట్ కంసాలి అక్కడే రాజుకు డబ్బీలు చేసి పేరు తెచ్చుకున్నాడు. హనావుకు అలాంటి రాజు లేడు, ఎగుమతే బతుకు. కొనేవాళ్లు పారిస్‌ది కావాలంటే వాళ్లేం చేస్తారు?

చివరికి నష్టపోయింది ఆ కంసాలులే. హనావు డబ్బీలు చాలాకాలం స్విస్ పేరుతో చలామణీ అయ్యాయి. అందుకే కేటలాగుల్లో ముందు ‘హనావు’ అని రాసి, తర్వాతే ముద్ర గురించి చెప్పాలి. ‘పారిస్ శైలి’ అని మొదలెట్టే అలవాటు నాకు అస్సలు నచ్చదు.

పాతబంగారం: దీనికి ఒప్పుకుంటాను. ‘నకిలీ’ అనే మాటకు మాత్రం ఒప్పుకోను.