సమస్యాపూరణం: కొడుకే తండ్రిని వధింపఁ గొనియాడి రిలన్

నిర్వాహకుడు, నల్లగొండ:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య కంద పద్యంలో ఇస్తున్నాను. నాలుగో పాదం నాది, దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీవి.

కొడుకే తండ్రిని వధింపఁ గొనియాడి రిలన్

ఏలే రాజు తండ్రి. కొడుకు ఎవరో లోకానికి తెలియదు, లేదా తెలిసినా తండ్రి ఒప్పుకోడు. ఇద్దరూ ఎదురుపడతారు. ఈ చుట్టుపక్కల కథ ఏదైనా సరే, పూర్తిగా వేరే దారి పట్టినా అభ్యంతరం లేదు.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, డకారం. సమస్య లఘువుతో (పొట్టి అక్షరం; పొడుగుది గురువు) మొదలైంది కాబట్టి నాలుగు పాదాలూ లఘువుతోనే మొదలవ్వాలి. రెండు, నాలుగు పాదాల్లో మూడో గణం (అక్షరాల గుంపు) జగణమో (లఘువు, గురువు, లఘువు), నలమో (నాలుగు లఘువులు) కావాలి. మూడో పాదం ద్రుతంతో (చివరి నకారంతో) ముగిస్తే 'కొడుకే' కాస్తా 'గొడుకే' అవుతుంది, దాన్ని తప్పుగా లెక్కపెట్టం.

ఇంకొకటి. ఈ సమస్యలో చంపించడం తేలిక. పురాణాలు తిరగేస్తే ఎవరో ఒకరు దొరుకుతారు. చంపినందుకు జనంతో పొగిడించాలి, అసలు తిప్పలు అక్కడ. మార్కులు వేస్తే నేను దానికే వేస్తాను.

దేవరకొండ సభ్యుడు:

బోణీ నాది. అర్జునుడి కొడుకు బభ్రువాహనుడు.

వడి నశ్వము వెంట నరిగి
నుడివెనుఁ బిఱికి వని నరుఁడు నొవ్వఁగఁ దనయుం
డుడుకుచు నులూచి మాటలఁ
గొడుకే తండ్రిని వధింపఁ గొనియాడి రిలన్

ధర్మరాజు అశ్వమేధపు గుర్రం మణిపురం చేరింది. కొడుకు కానుకలతో ఎదురొస్తే, యుద్ధం చేయకుండా దండం పెడతావా, పిరికివాడా అని అర్జునుడు కసిరాడు. పక్కనుంచి అర్జునుడి ఇంకో భార్య, నాగకన్య ఉలూచి ఎగదోసింది. కొడుకు బాణానికి తండ్రి కూలాడు.

కొల్లాపూర్ పంతులు:

గణాలు, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత), ప్రాస అన్నీ కుదిరాయి. 'నుడివెను'కు 'నొవ్వఁగ' యతి చక్కగా పడింది. పాదం విరిచి 'తనయుం / డుడుకుచు' అనడం చెయ్యి తిరిగినవాళ్ల పని.

రెండు అభ్యంతరాలు. 'తనయుండు' అన్నాక మళ్లీ 'కొడుకే' ఎందుకు? ఒక్క మనిషికి ఒక్క వాక్యంలో రెండు పేర్లు. రెండోది పెద్దది. కోపం వచ్చి చంపాడు, సరే. జనం ఎందుకు మెచ్చుకున్నారు? పద్యంలో ఆ ఊసే లేదు. మణిపురంలో ఆ రోజు మెచ్చుకునే వాతావరణమే లేదు. తల్లి చిత్రాంగద భర్త శవం దగ్గర కూర్చుని ఏడుస్తున్నది, కొడుకు తిండి మాని ప్రాణం విడిచే ప్రాయోపవేశానికి సిద్ధమయ్యాడు.

దేవరకొండ సభ్యుడు:

వీరుడని మెచ్చుకున్నారు సార్. అర్జునుణ్ణి పడగొట్టినవాడు మరొకడు ఉన్నాడా?

కొల్లాపూర్ పంతులు:

వీరత్వం చాలదండీ. అంతకంటే గట్టి కారణం కథలోనే ఉంది. శిఖండిని ముందు పెట్టుకుని భీష్ముణ్ణి పడగొట్టినందుకు వసువులు అర్జునుడికి శాపమిచ్చారు. ఉలూచి తండ్రి వెళ్లి బతిమాలితే, కొడుకు చేతిలో కూలితే ఆ పాపం పోతుందన్నారు. ఉలూచి కొడుకును ఎగదోసింది అందుకే. సంజీవక మణి తెప్పించి బతికించిందీ ఆమే. అంటే ఆ బాణం తండ్రిని చంపిన బాణం కాదు, శాపం నుంచి విడిపించిన బాణం. ఇదొక్కటి పద్యంలోకి తెస్తే సమస్య దానంతట అదే విడిపోతుంది. ఇట్లా చూడండి:

వడి నశ్వము వెంట నరిగి
నుడివెనుఁ బిఱికి వని నరుఁడు నొవ్వఁగ మదియే
కడ కా వసుశాప ముడుగఁ
గొడుకే తండ్రిని వధింపఁ గొనియాడి రిలన్

తనయుడు పోయాడు, శాపం వచ్చింది.

దేవరకొండ సభ్యుడు:

ఉలూచి కూడా పోయింది కదా సార్! కథ నడిపిందే ఆమె. అయినా మీ మూడో పాదం బాగుంది, తీసుకుంటున్నాను.

సూర్యాపేట సభ్యుడు:

ఇదే కథ, జైమిని పేరు మీద అశ్వమేధాన్ని చెప్పే జైమిని భారతంలో ఇంకా కారంగా ఉంటుంది. అక్కడ అర్జునుడు పిరికివాడా అని ఊరుకోడు, నువ్వు నా కొడుకువే కాదు పొమ్మంటాడు. తెలుగులో ఆ కావ్యం రాసి సాళువ నరసింహరాయలకు అంకితమిచ్చినవాడు పిల్లలమర్రి పినవీరభద్రుడు. ఇంటిపేరు చూశారు కదా! మా సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి, కాకతీయుల నాటి రేచర్ల వాళ్ల గుళ్లు ఉన్న ఊరు. ఆయన మావాడే అని మా అభిమానం.

జడ్చర్ల సభ్యురాలు:

పిల్లలమర్రి మాకూ ఉంది, మహబూబ్‌నగర్‌లో. ఊడలు దిగిన పెద్ద మర్రిచెట్టు. కవి మీవాడైతే నీడ మాది.

నిర్వాహకుడు, నల్లగొండ:

మర్రి పంచాయతీ తర్వాత చేద్దాం. సూర్యాపేట మిత్రుడు చెప్పినదాంట్లో పనికొచ్చే ముక్క ఒకటుంది. చిత్రాంగదకు పుట్టే బిడ్డ మణిపురానికే వారసుడు కావాలని ఆమె తండ్రి ముందే మాట తీసుకుని పెళ్లి చేశాడు. కాబట్టి బభ్రువాహనుడు అర్జునుడి ఇంట పెరగలేదు, తాత రాజ్యంలో పెరిగి అక్కడే రాజయ్యాడు. తండ్రి ముఖమెరుగని కొడుకు, కొడుకని ఒప్పుకోని తండ్రి. ఈ కోణంలో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

మిర్యాలగూడ విద్యార్థి:

నా మొదటి కందం. తప్పులుంటే చెప్పండి సార్, కొంచెం టెన్షన్‌గా ఉంది.

అడవిని లవకుశులిద్దరు
పడఁదోసిరి రామసేనఁ బట్టుచు విండ్లన్
వాడిగ శరముల నేయఁగఁ
గొడుకే తండ్రిని వధింపఁ గొనియాడి రిలన్

గద్వాల టీచరమ్మ:

మొదటి కందానికి ఇది చాలా నయం బాబూ. మాత్రలన్నీ సరిపోయాయి, రెండో పాదంలో 'రామసేన' దగ్గర జగణం సరిగ్గా పడింది. చిక్కంతా మూడో పాదంలో. 'వాడిగ' గురువుతో మొదలైంది, మిగతా మూడూ లఘువులు. 'వడివడి శరముల' అంటే సరిపోతుంది, అర్థమూ చెడదు.

కథలో మాత్రం చేయి పెట్టక తప్పదు. రాముణ్ణి కుశలవులు ఎక్కడా చంపలేదు. వాల్మీకి ఉత్తరకాండలో అసలు యుద్ధమే లేదు. ముని కుటీరంలో పెరిగిన పిల్లలిద్దరూ నైమిశంలో అశ్వమేధం జరిగేచోటికి వెళ్లి, తండ్రి ఎదుట తండ్రి కథే పాడతారు. గుర్రాన్ని కట్టేయడం, సైన్యాన్ని తరమడం జైమిని దారిలో వచ్చిన కథ. అందులోనూ రాముడు మూర్ఛపోతాడు, అంతే. రాముణ్ణి చంపి జనంతో పొగిడిస్తే మీ ఊరి భజన మండలి వాళ్లు నిన్ను గుడి మెట్లెక్కనివ్వరు.

చంపించడం మానేసి పాడించి చూడు. ఆ ఘట్టంలో బాణాల కంటే పాటకే బలమెక్కువ. సమస్యను ఎక్కడైనా విరగ్గొట్టవచ్చు, ఒకే వాక్యంగా ఉండాలని రూలేమీ లేదు.

భువనగిరి సభ్యుడు:

మేడమ్ విరగ్గొట్టమన్నారు కదా, నేను 'కొడుకే' దగ్గర విరిచాను. మా వైపు ఎవరిని అడిగినా యాదగిరిగుట్ట నరసింహుడే కదా!

వడఁకక హరియే దిక్కని
కడు నమ్మికఁ గొలిచె నసురకాంతుని యెదుటన్
గుడువఁగ విష మిడినను నా
కొడుకే, తండ్రిని వధింపఁ గొనియాడి రిలన్

కొల్లాపూర్ పంతులు:

విషమిచ్చినా వణకక కొలిచినవాడు ఆ కొడుకు. వధ వేరేవాళ్లది, పొగడ్త లోకానిది. సమస్యలోని పాపం ప్రహ్లాదుడికి అంటకుండా తప్పించారు. కశిపుడు పోతే లోకం సంతోషించడానికి వేరే కారణం చెప్పక్కరలేదు కూడా.

వనపర్తి సభ్యుడు:

వధించింది ఎవరో లేదు కదా? నరసింహుడి పేరే రాలేదు.

భువనగిరి సభ్యుడు:

మొదటి పాదంలో 'హరియే దిక్కని' ఉందిగా అన్నా. దిక్కన్నవాడే వచ్చి చంపాడు. స్తంభం నుంచి రప్పించడానికి కందంలో చోటు చాలలేదు.

కొల్లాపూర్ పంతులు:

చాలు, అన్వయం కుదిరింది. 'అసురకాంతుడు' మాత్రం యతి కోసం పట్టుకొచ్చిన మాటలా కనిపిస్తోంది. తప్పు కాదు, కానీ హిరణ్యకశిపుణ్ణి కాంతుడంటే నా చెవికి ఎబ్బెట్టుగా ఉంది.

వనపర్తి సభ్యుడు:

నేను ఇంకో రెండు మాటలు దాటి 'తండ్రిని' తర్వాత విరిచాను.

పుడమికి బరువై జనులను
గడగడ లాడించె మధుర ఖలుఁ డా కంసుం
డుడుగని మదమునఁ జెఱ నిడెఁ
గొడుకే తండ్రిని, వధింపఁ గొనియాడి రిలన్

గద్వాల టీచరమ్మ:

అబ్బ! ఉగ్రసేనుణ్ణి చెరలో పెట్టింది కన్నకొడుకే. ఆ కొడుకును చంపితే లోకం పొగిడింది. చంపిన కొడుకు చచ్చిన కొడుకైపోయాడు. ఇచ్చిన మాట ఒక్కటీ కదిలించకుండా అర్థం మొత్తం తలకిందులు చేశారు. 'గడగడ'కు 'ఖలుఁడు' యతి కూడా వెతికి తెచ్చినట్టు లేదు.

భువనగిరి సభ్యుడు:

నన్నడిగిన ప్రశ్నే మిమ్మల్ని అడుగుతా అన్నా. వధించింది ఎవరు? కృష్ణుడి పేరు ఎక్కడుంది?

వనపర్తి సభ్యుడు:

రేపల్లెలో అన్నేళ్లు దాగినవాడు, నాలుగు పాదాల్లో దాగలేడా తమ్మీ?

నిర్వాహకుడు, నల్లగొండ:

మాటకారితనం బాగుంది గానీ, పూరణ చదివేవాడికి ఆ జవాబు పక్కన దొరకదు కదా. భువనగిరి వారి పద్యంలో హరి ఉన్నాడు, ఇందులో లేడు. అయినా కంసుడి చావంటే కృష్ణుడు తప్ప ఇంకొకరు తట్టరు కాబట్టి ఇబ్బంది లేదు. కంసుణ్ణి చంపాక కృష్ణుడు తాను గద్దెనెక్కలేదు, ఉగ్రసేనుడికే పట్టం కట్టాడు. కొడుకు లాక్కున్న రాజ్యం తండ్రికి తిరిగి దక్కింది. 'కొనియాడి రిలన్'కు ఇంతకంటే బలం ఏం కావాలి?

నకిరేకల్ సభ్యుడు:

మీరంతా పురాణాల్లో ఉన్నారు, నేను ఊళ్లోకి వస్తున్నా.

గుడి ముంగిట నాటకమున
నడిరేతిరి పాత్ర లమర నాయన నరుఁ డౌ;
బెడిదపు శరమున నపుడే
కొడుకే తండ్రిని వధింపఁ గొనియాడి రిలన్

మా చిన్నప్పుడు కళ్లారా చూసిందే. బభ్రువాహన నాటకం. హార్మోనియం ఆయన ఆరున్నర శ్రుతి పట్టాడు. తండ్రి అర్జునుడు, కన్నకొడుకు బభ్రువాహనుడు. అట్ట కిరీటానికి అంటించిన మెరుపు కాగితం గ్యాస్ లైటు వెలుగుకు జిగేల్‌మంటున్నది. కొడుకు పద్యం పాడి బాణం వేశాడు, నాయన దబ్బున పడ్డాడు. జనం వన్స్‌మోర్ అని అరుపులు. నాయన లేచి, పంచె దులుపుకుని, కిరీటం సర్దుకుని మళ్లీ నిలబడ్డాడు. కొడుకు ఇంకా పై స్థాయిలో ఎత్తుకున్నాడు. నాయన మళ్లీ పడ్డాడు. ఎవరో పెద్దాయన వచ్చి కొడుకు చొక్కాకు పది రూపాయల నోటు పిన్నుతో గుచ్చిపోయాడు. పడి ఉన్న అర్జునుడు ఒక కన్ను తెరిచి ఆ నోటు చూసి నవ్వాడు.

జడ్చర్ల సభ్యురాలు:

ఉలూచి మణి అవసరమే రాలేదన్నమాట, వన్స్‌మోరే సంజీవని!

కొల్లాపూర్ పంతులు:

భావం కొత్తది, సందేహం లేదు. 'రేతిరి' గ్రామ్యం, పల్లె వాడుక. 'నడిరాతిరి' అనండి, గణం మారదు. మరొకటి, గుడి ముందు కూర్చున్న నాలుగు వందల మంది మెచ్చుకుంటే 'ఇలన్', అంటే లోకంలో, అనడం కొంచెం ఎక్కువైంది.

నకిరేకల్ సభ్యుడు:

ఆ రాత్రి మాకు లోకమంటే ఆ గుడి ముంగిలే సార్. రేతిరిని మాత్రం మార్చను. మా నాయన రాతిరి అనడం నేనెప్పుడూ వినలేదు.

నిర్వాహకుడు, నల్లగొండ:

ఇక్కడ నేను పంతులుగారితో ఏకీభవించలేను. బభ్రువాహనుడి పూరణలో రేతిరి అంటే నేనూ ఒప్పుకోకపోదును. ఇది నాయన, గుడి, నాటకం ఉన్న పద్యం, అందులో రేతిరి దాని ఇంట్లో అది ఉన్నట్టే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబిచ్చిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ. మన మాట మన పద్యంలో ఉంటే మనమే గీత గీసి కొట్టేద్దామా?

కొల్లాపూర్ పంతులు:

కొట్టేయమనలేదు, లక్షణం చెప్పాను. ప్రతాపరెడ్డి గారిని మధ్యలోకి తెస్తే ఇక నేనేం మాట్లాడతాను! రేతిరి ఉండనీయండి.

మిర్యాలగూడ విద్యార్థి:

మేడమ్ చెప్పినట్టు పాడించాను.

విడివడె గుట్టది, సభలోఁ
బడసిన కావ్యమును బాడి పరవశుఁ జేసెన్
బడఁ బదితలలును గథలోఁ
గొడుకే తండ్రిని, వధింపఁ గొనియాడి రిలన్

పది తలలూ పడే కథ పాడి కొడుకే తండ్రిని పరవశుణ్ణి చేశాడు. రావణవధ విని అందరూ మెచ్చుకున్నారు.

గద్వాల టీచరమ్మ:

పొద్దున గురువుతో తంటాలు పడినవాడు సాయంత్రానికి విరుపు నేర్చుకున్నాడు! 'వధింపఁ' అన్నది పది తలలవాడి మీదికి పోతుంది కాబట్టి రాముడు క్షేమం. అన్వయం కాస్త దూరమైంది. 'చేసెన్' రెండో పాదంలో ఉంటే దాని కర్త, కర్మ నాలుగో పాదందాకా రావు, మధ్యలో తలలు పడుతున్నాయి. ఒకసారి చదివితే అందదు, రెండోసారికి అందుతుంది.

వనపర్తి సభ్యుడు:

పాడింది ఇద్దరు. 'కొడుకే' అంటే ఒక్కడే కదా. రెండోవాడు తంబురా మీటాడా?

నిర్వాహకుడు, నల్లగొండ:

జాత్యేకవచనం, అంటే ఒక్కడి పేరుతో అందరినీ చెప్పడం, అనుకుని వదిలేయండి, పిల్లవాణ్ణి ఇవాళ్టికి ఇంతకంటే పిండవద్దు.

నా ఓటు వనపర్తి వారి కంసుడికి. నకిరేకల్ నాయన దాని వెనకాలే, గీతంత తేడాతో. దేవరకొండ వారి పద్యం పంతులుగారి మూడో పాదంతో కలిపి మళ్లీ రాసుకుంటే దాచుకోదగ్గదవుతుంది. ఒప్పుకోని తండ్రి గురించి అడిగాను, ఎవరూ రాయలేదు. అందుకే వచ్చే వారం అటే లాగుతున్నాను, ఈసారి కందం కాదు, తేటగీతి అనే ఛందస్సు:

తండ్రి పేరును జెప్పని తనయుఁ డొప్పె

గడువు ఆదివారం రాత్రి.

నకిరేకల్ సభ్యుడు:

ఆదివారం రేతిరి.