‘రికార్డు చెయ్యకుండ్రి’ అని బ్యాండే చెప్పిన పాట మన చేతిల ఉంటే నెట్ల పెట్టాల్నా?

హన్మకొండ రికార్డర్:

సూటిగ చెప్త. 2000ల మొదట్ల హన్మకొండల ఒక కాలేజీ ఫెస్టుకు హైదరాబాద్ నుంచి ఒక తెలుగు రాక్ బ్యాండ్ వచ్చింది. ఒక్క ఆల్బమ్ తీసి విడిపోయిన బ్యాండ్. పేరు ఇక్కడ రాస్తలేను, రాస్తే చర్చ పక్కకు పోతది. ఆ రాత్రి మా సీనియర్ ఒకాయన స్పీకర్ల పక్కన కూసోని చిన్న రికార్డర్ల తొంభై నిమిషాల క్యాసెట్ నింపిండు. మొన్న ఇల్లు సర్దుతుంటే దొరికిందని నాకిచ్చిండు.

రెండో వైపు చివరికి ఆల్బమ్‌ల లేని పాట ఒకటి ఉన్నది. పాడేముందు గాయకుడు మైకుల అంటడు: "ఇది ఇంక పూర్తి కాలె. దయచేసి రికార్డు చెయ్యకుండ్రి." ఈ పాట కోసం అభిమానులు ఏండ్ల నుంచి వెతుకుతున్నరు. అసలు అట్లాంటి పాటే లేదని వాదించేటోళ్లు గూడ ఉన్నరు.

నా అభిప్రాయం, పెట్టొద్దు. మరుగున పడ్డ పాట వేరు, ఆపి పెట్టిన పాట వేరు. బీటిల్స్ ‘రెయిన్’ చూడుండ్రి. 1966ల ‘పేపర్‌బ్యాక్ రైటర్’ రికార్డుకు వెనుకవైపు వచ్చింది, అప్పటి ఏ ఆల్బమ్‌లనూ చేర్చలె. లెడ్ జెప్లిన్ ‘హే హే వాట్ కెన్ ఐ డూ’ గూడ అంతే, 1970ల ‘ఇమిగ్రెంట్ సాంగ్’ వెనుక. అట్లాంటివి ఎంత తవ్వినా తప్పు లేదు. బ్యాండే జనం చేతిల పెట్టింది, జనమే తిప్పి వినలె. నా క్యాసెట్ల ఉన్నది మాత్రం వద్దని చెప్పినంక పట్టుకున్న పాట. మీరేమంటరు?

కాజీపేట లూప్‌లైన్:

అన్నా, నీతోని ఒప్పుకోను. పెట్టాలె.

పింక్ ఫ్లాయిడ్‌నే తీసుకో. ఆ బ్యాండ్ మొదటి గాయకుడు సిడ్ బారెట్ 1967ల రాసిన ‘వెజిటబుల్ మ్యాన్’, ‘స్క్రీమ్ దై లాస్ట్ స్క్రీమ్’ అప్పుడే రికార్డయినయి. బ్యాండ్ వాటిని బయటికి తేలె. అధికారికంగ వచ్చింది 2016ల, ‘ది ఎర్లీ ఇయర్స్’ అనే రికార్డుల పెట్టెల (బాక్స్ సెట్ల). అంటే 49 ఏండ్లు! బారెట్ 2006లనే చనిపోయిండు. ఆ మధ్యల రెండు మూడు తరాల శ్రోతలు ఆ పాటలు విన్నరంటే అది దొంగ టేపుల పుణ్యమే. అభిమానులు నీలెక్క ఊకుంటే, అట్లాంటి పాటలు కావాలని అడిగేటోడే మిగలకపోవు.

నీ బ్యాండుకు కంపెనీ లేదు, ఆర్కైవ్ లేదు, పెట్టె తీసేటోడు లేడు. లోకం మొత్తం మీద ఆ పాట ఉన్నది నీ క్యాసెట్ల ఒక్కదాన్లనే. నువ్వు పెట్టకుంటే ఎవరు పెడ్తరు?

మంచిర్యాల వినికిడి:

నాది వేరే అనుమానం. మనకు ఆ పాట నచ్చుతుందా, అది దొరకకపోవడం నచ్చుతుందా?

మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 60ల్లో ఇంగ్లండ్‌లో 78 ఆర్పీఎం రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం డిస్కులు) ఆగిపోయినా, కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటలను ఇంకా 78ల మీద అచ్చు వేశారు. కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు అప్పటికి చాలానే ఉండేవి మరి. ఇప్పుడు ఆ డిస్కుల కోసం ప్రపంచమంతా కలెక్టర్లు పోటీపడి కొంటారు. పాట మాత్రం అందరి ఫోన్లో ఉన్న పాటే. అక్కడ డబ్బు పెట్టేది వస్తువుకు. అందులో నాకు తప్పేమీ కనబడదు, కాకపోతే దాన్ని సంగీతం మీద ప్రేమ అని పిలవలేను.

రికార్డర్ గారూ, ఈ పాట ఆల్బమ్‌లో మూడోదిగా వచ్చి ఉంటే మీరు ఇంతగా తలుచుకునేవారా?

హన్మకొండ రికార్డర్:

తలుచుకునేటోన్నే సార్. ఎందుకో చెప్త.

ఆల్బమ్‌ల పాటలన్నీ స్టూడియోల సాపు చేసినవి. గిటార్ ఒక పక్క, గొంతు నడిమిట్ల, అన్నీ కొలిచి పెట్టినట్టు ఉంటయి. ఈ పాటల మొదటి చరణం దాకా ఒక్క గిటారే. పల్లవి సింపుల్, ఇంటికి ఉత్తరం రాస్తున్నట్టు నాలుగు లైన్లు. రెండో చరణానికి ముందు డ్రమ్మర్ ఒక దెబ్బ తొందరపడి వచ్చేస్తడు. గాయకుడు ఆగుతడు. సరిగ్గ అక్కడ బేస్ వాయించేటాయన కింది స్వరాన్ని అట్లనే పట్టి నిలబెడ్తడు, మిగిలినోళ్లు మళ్ల ఒక్కతాన చేరేదాకా వదలడు. గాయకుడు అదే పల్లవిని ఇంకింత నెమ్మదిగ ఎత్తుకుంటడు. ఆ తప్పుతోనే పాట నెమ్మదైంది, నెమ్మదైనంకనే మాటలు లోపటికి దిగినయి. నలుగురు మనుషులు ఒకరినొకరు వింటుండ్రని ఆల్బమ్ మొత్తంల నాకు ఎక్కడ తెల్వలె, ఇక్కడ తెలిసింది.

కాని ఆయన పూర్తి కాలేదన్నడు. ఆ మాటకు విలువ ఇయ్యాల్నా వద్దా? రేడియోహెడ్ ‘ట్రూ లవ్ వెయిట్స్’ 1995ల మొదటిసారి స్టేజీ మీద పాడిండ్రు. 2001ల ఒక లైవ్ రికార్డింగ్ వదిలిండ్రు గాని స్టూడియో పాటగ వాళ్లకు కుదిరింది 2016ల. గిటార్ పాట పియానో పాట అయింది. పాటకు రూపం దొరికేదాకా ఆగే హక్కు చేసినోళ్లకు ఉండాలె కదా.

కాజీపేట లూప్‌లైన్:

అదే ఉదాహరణ నాకూ పనికొస్తది అన్నా. ఆ 21 ఏండ్లు ఆ పాటను మోసింది అభిమానుల టేపులే.

ఇంక అమెరికా రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ సంగతి. 1984 నుంచి వాళ్ల కచేరీలల్ల రికార్డు చేసుకునేటోళ్లకు వేరే సీట్లే పెట్టిండ్రు. షరతు ఒక్కటే, పంచుకోండ్రి, అమ్ముకోకుండ్రి. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీల వాయించిన కచేరీ టేపు చేతులు మారుకుంట మారుకుంట అంత పేరు తెచ్చుకుంది, ఆఖరికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కాపాడాల్సిన రికార్డింగుల జాబితాల చేర్చింది. బ్యాండ్ అధికారికంగ విడుదల చేసింది 2017ల. పంచుకుంటే పాట పెరుగుతది, తరగదు.

బి సైడ్ బిడ్డ:

లూప్‌లైన్ తమ్మీ, ఆ బ్యాండ్ సరే అన్నది. ఇక్కడ ఒక మనిషి వద్దన్నడు. రెండూ ఒకటి కాదు.

అయితే రికార్డర్ అన్నా, నీ వాదంలో గూడ ఒక సందు ఉంది. బ్యాండ్ వద్దన్నది అంటున్నవు. వద్దన్నది గాయకుడు. బ్యాండ్ అంటే ఎవరు?

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ‘సిల్వర్ స్ప్రింగ్స్’ కథ నేను ఎప్పుడూ చెప్పేదే. రాసింది ఆ బ్యాండ్ గాయని స్టీవీ నిక్స్. ‘రూమర్స్’ ఆల్బమ్ కోసం రికార్డు చేసిండ్రు, పొడుగైంది, చోటు సాలదని తీసేసిండ్రు. ఆమె ఎంత బాధపడినా తీసేసిండ్రు. ‘గో యువర్ ఓన్ వే’కు వెనుకవైపు వేసిండ్రు. ఆ ముందువైపు పాట బ్యాండ్ గిటారిస్టు లిండ్సీ బకింగ్‌హామ్ ఆమెతో విడిపోయినందుకు రాసింది, వెనుక పాట అతనితో విడిపోయినందుకు ఆమె రాసింది! ఆ పాట హక్కులు ఆమె తన తల్లికి కానుకగ ఇచ్చింది. 1997లో మళ్లీ అందరూ కలిసి ‘ది డ్యాన్స్’ కచేరీలో పాడితే అప్పుడు లోకం విన్నది. ఇరవై ఏండ్లు ఆ పాట పక్కన ఉన్నది చేసిన మనిషి ఇష్టం మీద కాదు.

అందుకే అడుగుతున్న. మీ క్యాసెట్ పాట రాసింది ఎవరు? పూర్తి కాలేదని అందరూ అనుకున్నరా, ఒక్క గాయకుడే అనుకున్నడా? అది తెల్వకుండా పెట్టినా తప్పే, దాచినా తప్పే.

కోర్టు రోడ్డు:

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, నిర్ణయం మీది.

1957 కాపీరైట్ చట్టంలో పాడేవారికి, వాయించేవారికి విడిగా హక్కులున్నాయి. ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది నుంచి 50 ఏళ్లు అవి ఉంటాయి. అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేసి జనంలోకి వదలకూడదు. అయితే రికార్డు చేసినవారు తమ సొంతానికి వాడుకుంటే అది ఉల్లంఘన కాదని 39వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మీ సీనియర్ గారు క్యాసెట్ నింపుకొని ఇంట్లో వినడం ఒక విషయం, నెట్‌లో పెట్టడం పూర్తిగా ఇంకో విషయం. 2012 సవరణ తర్వాత ప్రదర్శకులకు తమ పేరు చెప్పించుకునే హక్కు, తమ ప్రదర్శనను పరువు పోయేలా మార్చకుండా అడ్డుకునే హక్కు కూడా వచ్చాయి. రచన, స్వరం ఎవరివో వారి హక్కులు ఇవి కాక వేరే.

వాయించిన నలుగురూ ప్రదర్శకులే. గాయకుడు ఒక్కరే కాదు.

జనగామ జగ్గు:

నేను రాక్ విననండి, మా తమ్ముడు ఈ చర్చ చూపిచ్చిండు. అయినా రాస్తున్న, ఎందుకంటే ఇది మా ఇంట్ల జరిగింది.

మా తాత ఒగ్గుకథ చెప్పేటోడు. మల్లన్నకు పట్నాలు ఏసిన కాడ, బీరప్ప పండుగల కాడ తెల్లందాక చెప్పేటోళ్లు. ఊర్లళ్ల టేప్ రికార్డర్లు తెచ్చి డోలు ముందట పెట్టి రికార్డు చేసుకునేటోళ్లు. మా తాత ఎన్నడు వద్దనలె. ఆయన పోయినంక మా ఇంట్ల ఆయన గొంతు ఒక్క క్యాసెట్ల గూడ లేకుండె. కొన్నేండ్లకు ఫోన్ల ఒక వీడియో వచ్చింది. మీద ఎవరిదో ఛానల్ పేరు, ఎనుక దేవుని బొమ్మ, లోపల మా తాత గొంతు. బృందంల ఎవ్వరి పేరూ లేదు. డోలు కొట్టింది మా పెద్దనాయిన, తాళాలు మా చిన్నతాత. మా నాయిన అది ఇన్నంతసేపు లేవలె. మా తాత గొంతు మళ్ల దొరికిందని సంతోషపడ్డం. పేరు లేదని కడుపు మండింది. రెండూ ఒక్కపారే.

పెట్టినాయనకు పేరు చేర్చమని రాసినం, జవాబు లేదు. ఆయన పెట్టకుంటే మాకు ఆ గొంతే దొరకకపోవు, అది గూడ నిజమే. కాని ఆయన మొదలు మా ఇంటికి రావాల్సింది. జనగామల మా ఇల్లు అడిగితే ఎవలైనా చూపిస్తరు. మీరు పెట్టాల్నా వద్దా అని కొట్లాడుతున్నరు. ఆ క్యాసెట్ మొదలు ఎవల చేతిల పడాలె అని ఎవ్వలు అడుగుతలేరు.

కాజీపేట లూప్‌లైన్:

అక్కా, నీ మాట కాదనలేను. వాళ్లకు ముందు ఇయ్యాలె. కాని ఇచ్చినంక వాళ్లు జవాబే ఇయ్యకపోతే? అప్పుడూ క్యాసెట్ బీరువలనే ఉండాల్నా? నా ప్రశ్న అట్లనే ఉన్నది.

కరీంనగర్ టేప్ మెకానిక్:

మీ చర్చ తేలేలోపు క్యాసెట్ పోతది. రికార్డర్ బాబూ, ముందు దాన్ని వాయించుడు ఆపు.

మీద అంచుకు రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటయి, అవి విరిచెయ్. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరగదు. నడిమిట్ల స్పంజి లెక్క చిన్న ప్యాడ్ ఉంటది, పాత క్యాసెట్లల్ల జిగురు ఎండి అది ఊడిపోతది. అది లేకుంటే టేపు, ప్లేయర్ల సౌండ్ చదివే హెడ్‌కు ఆనదు, సౌండ్ వస్త పోత ఉంటది. ఊడితే అతికియ్యకు, టేపునే తీసి స్క్రూలున్న ఇంకో డబ్బల ఎక్కియ్యాలె. తొంభై నిమిషాలది అరవైదాని కంటే పల్చగ ఉంటది, తొందరగ ముడతపడ్తది, ఊకె ముందుకు ఎనుకకు తిప్పకు.

కంప్యూటర్ల ఎక్కిచ్చేముందు హెడ్, రబ్బర్ రోలర్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడువు. తర్వాత హెడ్ కోణం సరిచేసే స్క్రూను ఆ టేపుకు సరిపడేటట్టు తిప్పాలె, రికార్డు చేసిన మిషన్ వేరు కదా. తాళాల మోత తేటగ వినబడ్డ కాడ ఆపాలె. మొదటి కాపీల శబ్దం శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఏదీ వాడకు. ఉన్నది ఉన్నట్టు దించి దాచు, శుభ్రం ఏదైనా ఉంటే రెండో కాపీల చేసుకో.

హన్మకొండ రికార్డర్:

రెక్కలు ఇప్పుడే విరిచిన, మెకానిక్ అన్నా. దించే పని నీ కాడనే చేపిస్త, మిషన్ ఉన్నప్పుడు చెప్పు.

జనగామ అక్కా, నీ మాట పట్టుకున్న. మొదటి కాపీ నెట్లకు పోదు, వాయించినోళ్లకు పోతది. బేస్ వాయించినాయన ఇప్పుడు కూడ పాఠాలు చెప్తుండని తెలిసింది, ఆయన్ను అడిగితే మిగిలినోళ్ల ఆచూకీ దొరుకుతది. ఎవరు రాసిండ్రు, ఎవరు వద్దనుకున్నరు అని అడుగుత. సరే అంటే నలుగురి పేర్లు, మా సీనియర్ పేరు, ఊరు, తారీఖుతోని పెడ్త. వద్దంటే వద్దే. లూప్‌లైన్, జవాబు రాకపోతే ఏం చెయ్యాలె అన్న కాడ నీకూ నాకూ కుదరదు. నేనైతే పెట్టను, ఇంకో పారి రాస్త.

కాజీపేట లూప్‌లైన్:

నేనైతే రెండేండ్లు చూసి పెడ్త. కాని క్యాసెట్ నీ చేతిల ఉన్నది, మాట నీదే. ఉత్తరం కలిసి రాద్దామా? వాళ్ల ఆల్బమ్ నాకు ఎంత ఇష్టమో గూడ అండ్ల ఉండాలె.

బి సైడ్ బిడ్డ:

గాయకుడికే కాదు, నలుగురికీ వేర్వేరుగ రాయండి. డ్రమ్మర్‌కు రాసే దాంట్ల ఆ తొందర దెబ్బ గురించి, రికార్డర్ అన్న పైన రాసింది ఉన్నదున్నట్టు పెట్టండి.