పిండిపదార్థాలు తగ్గించిన మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతోంది: ఆహారం మార్చాలా, మందులు వాడాలా?

ప్రశ్న: గుంటూరు జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారం. నా వయసు 41 సంవత్సరాలు. మూడేళ్లుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్ 500 మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. ఈ ఏడాది సంక్రాంతి పిండివంటలు అయిపోయిన మర్నాటి నుంచి అన్నం, ఇడ్లీ, దోసె, చపాతీ, పప్పు, పండ్లు పూర్తిగా మానేశాను. ఉదయం కొబ్బరినూనె కలిపిన బ్లాక్ కాఫీ, మధ్యాహ్నం నేతిలో వేయించిన కూర ఒక గిన్నెడు, రెండు ఉడికించిన గుడ్లు, సాయంత్రం పదిహేను బాదం గింజలు, మళ్లీ కాఫీ, రాత్రి ఒక కప్పు పెరుగు. ఇదే నా ఆహారం. 78 కిలోల నుంచి ఏప్రిల్ నెలాఖరుకు 66 కిలోలకు వచ్చాను. అందులో ఆరు కిలోలు మొదటి నెలలోనే తగ్గాయి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరును చెప్పే పరీక్ష) 7.6 నుంచి 6.4కు దిగింది. డాక్టరుగారు కూడా సంతోషించారు.

సరిగ్గా అప్పుడే జుట్టు రాలడం మొదలైంది. ఇప్పటికి ఆరు వారాలు. తలంటుకున్న రోజున స్నానాలగదిలో తూము జాలీ మూసుకుపోయి నీళ్లు నిలిచిపోతున్నాయి. జడకు రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పితే బిగుసుకునేది, ఇప్పుడు మూడు చుట్లు తిప్పినా జారిపోతోంది. రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టి చూస్తే చివర ఆవగింజకంటే చిన్నగా తెల్లటి పూస ఉంటోంది. కుదురుతో సహా ఊడి వస్తోందని భయంగా ఉంది. మా అత్తయ్యగారు అన్నం తింటే అదే తగ్గుతుందంటున్నారు. అన్నం మొదలుపెడితే షుగరు పెరుగుతుందేమోనని నాకు సంశయం. బయోటిన్ (ఒక రకం బీ విటమిన్) మాత్రలు వేసుకోమని తోటి టీచర్లు చెబుతున్నారు. ఏం చేయాలో దయచేసి చెప్పగలరు.

మొదటి స్పందన: ఒక సభ్యుడు

కంగారు పడకండమ్మా. ఒంట్లో పేరుకున్న విషపదార్థాలు బయటికి పోయేటప్పుడు జుట్టు రాలడం సహజమే. డైట్ మాత్రం వదలవద్దు, ఇంకో చెంచా కొబ్బరినూనె పెంచండి.

సమాధానం: హైదరాబాదులో పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్న సభ్యురాలు

టీచరుగారూ, మీరు వివరాలన్నీ తేదీలతో సహా రాయడం వల్ల సమాధానం చెప్పడం తేలికైంది. పైన సోదరులు సదుద్దేశంతోనే రాశారు కానీ, విషాలు పోతూ జుట్టును తీసుకుపోతాయన్న మాట నిజం కాదు; ఆ నమ్మకంతో ఇంకో రెండు నెలలు గడిపితే లోటు మరింత పెరుగుతుంది. కొబ్బరినూనెలో ప్రోటీన్ గానీ ఇనుము గానీ లేవు కనుక ఇంకో చెంచా పెంచినా జుట్టుకు ఒరిగేదేమీ లేదు.

ముందుగా ఆ తెల్లటి పూస సంగతి. అది కుదురు కాదు. వెంట్రుక పెరగడం ఆగి, విశ్రాంతి దశలోకి వెళ్లినప్పుడు దాని మొదలు గట్టిపడి అలా గుండుసూది తలలా తయారవుతుంది. వెంట్రుకను పుట్టించే కుదురు చర్మం లోపలే భద్రంగా ఉంటుంది. నిజానికి ఆ పూస కనిపించడం మీకు ఊరటనివ్వవలసిన గుర్తు, ఎందుకంటే ఈ రకంగా రాలిన జుట్టు సాధారణంగా తిరిగి వస్తుంది.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ల దాకా పెరిగి, రెండు మూడు వారాల్లో ఎదుగుదల ముగించి, ఆ తరవాత దాదాపు మూడు నెలలు కదలకుండా ఉండి రాలిపోతుంది. ఏ రోజు చూసినా పదింట ఒక వంతు, అంటే ఇంచుమించు పదివేల వెంట్రుకలు, ఈ విశ్రాంతిలో ఉంటాయి కాబట్టి రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం ఎవరికైనా మామూలే. శరీరానికి ఏదైనా పెద్ద కుదుపు తగిలినప్పుడు, అది కాన్పు కావచ్చు, డెంగీ వంటి జ్వరం కావచ్చు, ఆపరేషన్ కావచ్చు, తిండి ఒక్కసారిగా తగ్గిపోవడం కావచ్చు, పెరుగుతూ ఉండవలసిన వెంట్రుకలు కూడా గుంపుగా ఈ విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అవి రాలేది మాత్రం రెండు మూడు నెలల తరవాతే. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. 1961లో ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే చర్మవైద్యుడు ఈ పేరు పెట్టి వివరించారు. ఏప్రిల్ నెలాఖరులో రాలిన మీ జుట్టుకు కారణం ఏప్రిల్లో తిన్నదీ కాదు, వాడిన షాంపూ కాదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒంటికి అందనిది ఏమిటో అక్కడ వెతకాలి.

ఇక మీ అత్తయ్యగారి మాట. ఆవిడ అన్నదానిలో సగం నిజముంది. జుట్టుకు ప్రత్యేకంగా అన్నమే కావాలని లేదు; అన్నం మానిన వాళ్లందరికీ జుట్టు రాలదు. కొవ్వు తగ్గించి, కెలొరీలు బాగా కోసే పద్ధతుల్లోనూ, బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ శస్త్రచికిత్స తరవాతా ఇలాగే రాలుతుంది. అక్కడా ఇక్కడా కలిసే విషయం ఒకటే: బరువు వేగంగా తగ్గడం, తిండి మొత్తంగా చాలకపోవడం. మీరు అన్నం తీసేశారు, మంచిదే. కానీ దానితోపాటు పప్పు తీసేశారు, ఆ ఖాళీలో ప్రోటీన్ పెట్టలేదు. మీ పళ్లెం లెక్క వేసి చూశాను. రెండు గుడ్లలో 12 గ్రాములు, కప్పు పెరుగులో 5, బాదంలో 3 లేదా 4, కూరలో మహా అయితే 5. మొత్తం 26 గ్రాముల దగ్గర ఆగిపోతోంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి, అంటే మీకు 55 గ్రాములు. బరువు తగ్గే దశలో కండ కరగకుండా ఉండాలంటే కిలోకు ఒక గ్రాము, అంతకంటే కొంచెం ఎక్కువ తీసుకోమని మేము చెబుతాం. మీరు అందులో సగం కూడా తినలేదు. పిండిపదార్థాలు లేనప్పుడు కాలేయం ఒంటికి కావలసిన గ్లూకోజును కొంతవరకు ప్రోటీన్ నుంచే తయారు చేసుకుంటుంది, ఆ ఖర్చు కూడా ఈ 26 గ్రాముల మీదే పడింది. జుట్టు దాదాపుగా కెరటిన్ అనే ప్రోటీనే. ఉన్న కాస్తా గుండెకూ, కండకూ, రక్తానికీ కేటాయించుకుని శరీరం జుట్టును పక్కన పెట్టడంలో వింత లేదు.

రెండోది ఇనుము. మీకు నెలసరి ఎక్కువగా అవుతుందా లేదా రాయలేదు, కానీ ఆ వయసు స్త్రీలలో ఇది తప్పకుండా చూడవలసిన విషయం. పైగా కాఫీ, టీలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మూడోది విటమిన్ బీ12: మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో అది తగ్గుతుంది. అందువల్ల మాత్రలు కొనడానికి ముందు ఈ పరీక్షలు చేయించుకోండి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి వదిలేయవద్దు, అది బాగానే ఉన్నా లోపలి ఇనుము నిల్వ అడుగంటి ఉండవచ్చు. ఆ నిల్వను చెప్పేది ఫెరిటిన్. ఫలితాలు తీసుకుని చర్మవైద్యులకు చూపించండి. నాణెమంత గుండ్రంగా ఒకచోటే ఊడితే అది పేనుకొరుకుడు, పాపిట వెడల్పవుతూ నడినెత్తి పలచబడితే అది వంశపారంపర్యంగా వచ్చే మరో రకం, మాడు మీద దురద, పొలుసులు ఉంటే ఇంకొకటి. వీటిని తల చూసి తేల్చాలి తప్ప రాతలో తేల్చలేము.

ఆహారం విషయంలో నా సలహా ఇది. ఉదయం ఆ కొబ్బరినూనె కాఫీ మానేసి రెండు గుడ్ల అట్టు, గుప్పెడు పెసలతో వేసిన ఒక పెసరట్టు తినండి. మధ్యాహ్నం క్యారియర్‌లో వంద గ్రాముల చికెనో చేపో, కూర, ఒక గరిటెడు ముద్దపప్పు పెట్టుకోండి. సాయంత్రం బాదమే కానక్కరలేదు, ఉడికించిన వేరుశనగలు అంతకంటే చవక, ప్రోటీన్‌లో తీసిపోవు. రాత్రి పెరుగుతోపాటు యాభై గ్రాముల పనీరు. ఇది 60 గ్రాములు దాటుతుంది, పిండిపదార్థాలు మాత్రం మామూలు అన్నం భోజనంకంటే చాలా తక్కువగానే ఉంటాయి. పెసరట్టు తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకుని రాసిపెట్టుకోండి, ఎంత పట్టిందో మీకే తెలుస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ప్రోటీన్ పెంచే ముందు వైద్యులను అడగాలి. బరువు ఇకపై వారానికి అరకిలోకు మించి తగ్గకుండా చూసుకోండి.

ఇంకొక చిన్న మాట. రాలుతోందని భయపడి తలంటుకోవడం తగ్గించకండి. ఎనిమిది రోజులవి ఒక్కరోజే వస్తే కుచ్చులా కనిపించి గుండె బేజారవుతుంది. మీరు ముట్టుకోకపోయినా అవి రాలవలసినవే.

మరొక సభ్యుడు, అమెరికా నుంచి

బయోటిన్ గురించి నా అనుభవం చెప్పాలి. డల్లాస్‌లో ఉంటాను. ఇలాగే జుట్టు రాలితే పదివేల మైక్రోగ్రాముల బయోటిన్ మాత్రలు రెండు నెలలు వేసుకున్నాను. ఆ మధ్యలో చేయించిన రక్తపరీక్షలో థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోందని వచ్చింది. ఇంట్లో అందరం హడలిపోయాము. మా డాక్టరుగారు ఏమేమి వాడుతున్నావని అడిగి, బయోటిన్ ఆపించి, వారం తరవాత మళ్లీ చేయిస్తే అంతా మామూలుగానే ఉంది.

సమాధానం: పోషకాహార సలహాదారు

మీరు రాయడం చాలా మంచిదైంది. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. థైరాయిడ్ మాత్రమే కాదు, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను కూడా. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. మనకు రోజుకు కావలసింది కొన్ని పదుల మైక్రోగ్రాములే, అది గుడ్డు పచ్చసొనలో, గింజల్లో దొరుకుతుంది, లోపం అరుదు. వాడుతున్నవారు రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, వాడిన సంగతి డాక్టరుకు చెప్పాలి. విటమిన్ ఏ, సెలీనియం మితిమీరితే వాటివల్లే జుట్టు రాలుతుంది కనుక జుట్టు మాత్రలను అన్నీ కలిపి మింగవద్దు.

ప్రశ్న: రాజమండ్రి నుంచి ఒక సభ్యురాలు

మా ఇంట్లో గుడ్డు కూడా తినము. మా నాన్నగారు షుగరుకు గ్లిమిపిరైడ్ వాడుతూ ఇదే పద్ధతి మొదలుపెడతానంటున్నారు. శాకాహారులకు ఇది సాధ్యమేనా?

సమాధానం: పోషకాహార సలహాదారు

సాధ్యమే, కానీ పప్పులు మానేసి మాత్రం కాదు. కందిపప్పు, పెసలు, శనగల్లో ప్రోటీన్‌తోపాటు పిండిపదార్థాలూ ఉంటాయి. అందుకని వాటిని వదలడంకంటే అన్నాన్ని తగ్గించి వాటిని ఉంచడం మేలు. మీల్‌మేకర్ వంద గ్రాముల్లో సుమారు 50 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, ముప్పై గ్రాములు నానబెట్టి కూర చేసినా 15 గ్రాములు వస్తాయి. పనీరు, పెరుగు, వేరుశనగలు, నువ్వులు తోడుగా ఉంచుకోండి. తోటకూర, గోంగూర వంటివాటిలోని ఇనుము మాంసంలోని దానంతగా ఒంటికి పట్టదు, అందుకని వండాక నిమ్మరసం పిండుకుని తినండి.

మీ నాన్నగారి విషయం ఇంతకంటే ముఖ్యమైనది. గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు మోతాదు తగ్గించకుండా పిండిపదార్థాలు మానేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందులు వాడేవారికి షుగరు పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారే ప్రాణాంతక స్థితి) వచ్చే అపాయం ఉంది. డాక్టరుతో మాట్లాడకుండా ఒక్కపూట కూడా మొదలుపెట్టనివ్వకండి.

మొదట అడిగిన ఉపాధ్యాయురాలు, పన్నెండు రోజుల తరవాత

మేడమ్, పరీక్షలు చేయించాను. హిమోగ్లోబిన్ 10.6, ఫెరిటిన్ 9, టీఎస్‌హెచ్ 2.7, బీ12 కొంచెం తక్కువ. మీరు అనుమానించినట్టే నాకు నెలసరి చాలా ఎక్కువ, ఏళ్లుగా ఉన్నదే కనుక రాయాలని తోచలేదు. చర్మవైద్యురాలు తల చూసి, రెండు వేళ్లతో పాయలు పాయలుగా లాగి చూసి, టెలోజెన్ ఎఫ్లూవియమేనన్నారు. ఇనుము మాత్ర, బీ12 రాశారు. గైనకాలజిస్టుకు కూడా చూపించుకోమన్నారు. పెసరట్టు తిన్న రెండు గంటలకు షుగరు 138 ఉంది. ఇంకొక సందేహం. తిరుమలలో మొక్కు ఉంది, ఎలాగూ రాలుతోంది కనుక ఇప్పుడే తలనీలాలు ఇచ్చేస్తే కొత్తది ఒత్తుగా వస్తుందా?

సమాధానం: పోషకాహార సలహాదారు

ఫెరిటిన్ 9 అంటే నిల్వ దాదాపు ఖాళీ అయినట్టే. ఇనుము మాత్రకు ముందూ వెనకా గంటసేపు కాఫీ ముట్టకండి. మలం నల్లబడితే భయపడవద్దు, అది మాత్ర వల్లనే. నెలసరి సంగతి వాయిదా వేయకండి. కారణం అక్కడుంటే ఎన్ని మాత్రలు వేసినా కారిపోతూనే ఉంటుంది.

మొక్కు మీ భక్తికి సంబంధించినది, అది మీరు ఎప్పుడు తీర్చుకున్నా శుభమే. ఒత్తుగా రావడం కోసం మాత్రం గుండు చేయించుకోనక్కరలేదు. కత్తి తెంపేది చర్మం పైనున్న వెంట్రుకను, కుదుళ్ల సంఖ్య మారదు. కోసిన చివరలు మొద్దుగా ఉండడం వల్ల కొత్త జుట్టు చేతికి బిరుసుగా తగిలి ఒత్తుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఉపాధ్యాయురాలు, అక్టోబరులో

ఆగస్టు రెండోవారం నుంచి రాలడం బాగా తగ్గింది. నుదుటి దగ్గర, పాపిటకు రెండు పక్కలా బొటనవేలి గోరు పొడుగున సన్నటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి, దువ్వినా అణగడం లేదు. మా పాప వేలితో నిమిరి చూపించేదాకా నేను గమనించలేదు. బరువు 65, హెచ్‌బీఏ1సీ 6.5. హిమోగ్లోబిన్ 12.3కు వచ్చింది. రబ్బరు బ్యాండు మాత్రం ఇంకా మూడు చుట్లే. ఇనుము ఇక ఆపవచ్చా?

సమాధానం: పోషకాహార సలహాదారు

చాలా సంతోషంగా ఉంది టీచరుగారూ. ఇప్పుడే ఆపవద్దు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు కొనసాగించడం వైద్యుల పద్ధతి. ఫెరిటిన్ మళ్లీ చూపించి మీ డాక్టరుగారు చెప్పాకే ఆపండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక ఆ చిన్న వెంట్రుకలు జడలో కలవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టవచ్చు. అంతవరకూ బిగుతుగా లాగి కట్టకుండా, వదులు జడ వేసుకోండి.