ఆగి ఉన్న కారును వెనక నుంచి గుద్దితే దెబ్బ బలం ఎంత? నా లెక్క చూడగలరా?

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే నాన్న కారు ఆపారు. వెనకాల వస్తున్న కారు వచ్చి గుద్దేసింది. బంపర్ లోపలికి పోయింది. డిక్కీ మూత కాస్త ఎత్తి నొక్కితే గానీ పడట్లేదు. అదెలాగైనా బాగు చేయించుకోవచ్చు, నా బాధంతా నాన్న మెడ గురించే. మర్నాడు పొద్దున తల పక్కకి తిప్పలేకపోయారు. గుద్దినాయనేమో "పదిహేను స్పీడులో ఏమవుతుందండీ" అంటున్నారు.

అందుకే లెక్క వేశాను. గంటకు 15 కి.మీ. అంటే సెకనుకు 4.17 మీటర్లు. ఒక్కో కారు 1000 కిలోలనుకుంటే గతిజ శక్తి సుమారు 8,700 జౌల్స్. రెండు కార్లూ కలిపి 10 సెం.మీ. నొక్కుకున్నాయనుకుని భాగిస్తే 87,000 న్యూటన్లు వచ్చింది. కానీ అది కదలని గోడను గుద్దినప్పటి మాట. మా కారు ముందుకు జరిగింది కదా! ద్రవ్యవేగ నిత్యత్వం (గుద్దుకోక ముందూ తర్వాతా ద్రవ్యరాశి, వేగాల లబ్ధం మొత్తం మారదన్న నియమం) ప్రకారం రెండూ కలిసి కదిలాయనుకుంటే సగం శక్తే నలగడానికి పోతుంది, బలం 43,000కి దిగుతుంది. అయినా మా కారుకు త్వరణం 4 జి (అంటే భూమి గురుత్వ త్వరణానికి నాలుగు రెట్లు) దాటుతోంది.

నాన్న కాలు బ్రేకు మీదే ఉంది. టైర్ల ఘర్షణ మహా అయితే 7,000 న్యూటన్లుంటుంది, దాన్ని వదిలేయొచ్చా? ఇది సగటు బలమే కాబట్టి గరిష్ఠం దీనికి ఎన్ని రెట్లు ఉండొచ్చు? సీటు ముందుకు నెట్టేసరికి తల వెనకబడుతుంది, మరి మెడ మీద పడే బలం ఎలా లెక్కించాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.