పాత ర్యాక్ సర్వర్ ఇంట్లో పెట్టుకోవడం: చదువా, కరెంటు దండగా?

పానగల్లు_పింగ్ (నల్లగొండ):
అందరికీ నమస్తే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక షాపులో డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720 అనే పాత ర్యాక్ సర్వర్ (డేటా సెంటర్లలో వరసగా పేర్చే రకం కంప్యూటర్) చూసి వచ్చాను. రెండు జియాన్ ప్రాసెసర్లు, 128 జీబీ ర్యామ్. డిస్కులు లేకుండా 28,000 చెప్తున్నారు, బేరమాడితే కొంచెం దిగేటట్టే ఉన్నారు. ఏదో కంపెనీ తీసేసిన మాల్. లినక్స్, వర్చువలైజేషన్ (ఒకే మెషీన్‌లో చాలా వర్చువల్ కంప్యూటర్లు నడపడం) ఇంట్లోనే నేర్చుకుందామని నా ఆలోచన. దోస్తుల్లో సగం మంది "తీస్కో, మళ్లీ దొరకదు" అంటున్నారు. మిగతావాళ్లు "పాత సామాన్ల బండికి వేసేదాన్ని పైసలిచ్చి తెచ్చుకుంటావా" అని నవ్వుతున్నారు. మాది రెండు గదుల ఇల్లు. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో జీరో బిల్లు వస్తుంది. మీరేమంటారు?

మిర్యాలగూడ_మీటర్:
తమ్ముడూ, షాపులో చెప్పిన రేటు పక్కన పెట్టు, మీటర్ చూడు. ఆ మెషీన్ ఏ పనీ లేకుండా ఊరికే కూర్చున్నా 150 వాట్ల దాకా తీసుకుంటుంది. డిస్కులు, ర్యామ్ ముక్కలు తగ్గిస్తే కొంత దిగుతుంది, అంతే. 150 వాట్ల లెక్కన రోజంతా, నెలంతా ఆన్‌లో ఉంటే 108 యూనిట్లు. మీ ఇంట్లో ఇప్పుడు 150 యూనిట్లు కాలుతున్నాయనుకో, మొత్తం 258 అవుతుంది. గృహజ్యోతి 200 వరకే. దాటితే పైనున్న యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. 200 దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, అక్కడి నుంచి 300 దాకా 7.70 చొప్పున పడుతుంది. అంటే 1,020, దాని మీద ఇంకో 447. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు వేరే. ఏడాది తిరిగేసరికి సర్వర్ ఖరీదులో సగానికి పైగా కరెంటుకే పోతుంది. ఇంట్లో ఏం చెప్తావు?

పాలమూరు_ర్యాక్ (మహబూబ్‌నగర్):
మీటర్ అన్న లెక్క కరెక్టే. కానీ రాత్రింబవళ్లు నడపమని ఎవరన్నారు? అదేమన్నా ఫ్రిజ్జా, ఎప్పుడూ ఆన్‌లో ఉండటానికి? సాయంత్రం నాలుగు గంటలు కూర్చుని ప్రాక్టీస్ చేస్తే, 200 వాట్లు వేసుకున్నా నెలకు 24 యూనిట్లే. ఒక్క మాట: షట్‌డౌన్ చేసినా ప్లగ్‌లో ఉన్నంతసేపు లోపల ఐడ్రాక్ (సర్వర్‌ను దూరం నుంచి చూసుకోవడానికి డెల్ పెట్టిన చిన్న కంట్రోలర్) మేలుకునే ఉంటుంది, కొన్ని వాట్లు లాగుతుంది. పని అయిపోయాక గోడ స్విచ్ ఆపేయాలి.

ఇక చదువు సంగతి. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని కమాండ్లు ఎన్నైనా నేర్చుకోవచ్చు, కాదనను. హార్డ్‌వేర్ చెడిపోతే ఎలా ఉంటుందో మాత్రం అందులో కనపడదు. దీంట్లో రైడ్ 5 (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా చాలా డిస్కులను కలిపే పద్ధతి) కట్టి, డేటా కాపీ అవుతుండగానే ఒక డిస్క్ ట్రే బయటికి లాగు. ముందున్న చిన్న ఎల్‌సీడీ నీలం నుంచి ఆరెంజ్‌కు మారుతుంది, ఏ బేలో (డిస్క్ పెట్టే అరలో) డిస్క్ పోయిందో రాసి చూపిస్తుంది. కాపీ మాత్రం ఆగదు. ఇంకో డిస్క్ తోస్తే ఆ ట్రే మీద ఆకుపచ్చ లైటు మెల్లగా కొట్టుకుంటూ రీబిల్డ్, అంటే పోయిన డేటాను మళ్లీ రాసుకోవడం, మొదలవుతుంది. వెనక రెండు పవర్ సప్లైలలో ఒకదాని తీగ పీకినా మెషీన్ ఆగదు. మొదటిసారి కంపెనీ డేటా సెంటర్‌లో అడుగు పెట్టినప్పుడు, ఈ పనులు ఇంట్లో చేసిన పిల్లవాడికి చెయ్యి వణకదు.

సూర్యాపేట_బ్లోయర్:
ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఈ మెషీన్‌లోకి వెళ్లే గాలి 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని డెల్ వాళ్ల మామూలు లెక్క. కొన్ని కాన్ఫిగరేషన్లకు కొద్ది గంటల పాటు 45 దాకా సడలింపు ఉంది. మన నల్లగొండలో మే నెల మధ్యాహ్నం బయటే 45 ఉంటుంది, మేడ మీద గదిలో ఎంత ఉంటుందో నువ్వే ఆలోచించు. లోపల వరసగా ఆరు ఫ్యాన్లు. ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లు అన్నీ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతాయి, పక్క గదిలో పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు. తర్వాత తగ్గుతాయి, కానీ గాలి వేడెక్కితే మళ్లీ లేస్తాయి. ఐపీఎంఐటూల్ అనే ప్రోగ్రామ్‌తో ఫ్యాన్ స్పీడ్ మనమే తగ్గించొచ్చని వీడియోల్లో చూపిస్తారు. చలి దేశాల వాళ్లకు అది నడుస్తుంది. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఆ పని చేశావంటే ప్రాసెసర్‌కు గాలి ఆపినట్టే. పైగా కాల్చిన ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. ఫ్యాన్ కింద కూర్చుని ఆ వేడిని మళ్లీ మనమే తిప్పుకోవాలి.

దుమ్ము గురించి వేరే చెప్పాలా? రోడ్డు వైపు గది అయితే బ్లోయర్ కూడా కొనుక్కో.

వనపర్తి_సుడో:
నేను ఈ ఫీల్డ్‌లోనే పని చేస్తున్నాను, అందుకే అడుగుతున్నా. తమ్ముడికి కావలసింది ఉద్యోగమా, సర్వరా? ఇంటర్వ్యూలో డిస్క్ ఎలా పీకాలని ఎవరూ అడగరు. నెట్‌వర్కింగ్, కంటైనర్లు, క్లౌడ్ అడుగుతారు. ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ మొత్తం కలిపి 10 వాట్ల దగ్గర కూర్చుంటుంది, నెలంతా ఆన్‌లో ఉన్నా 7 యూనిట్లు. ఇంటెల్ లెక్క ప్రకారం దానికి 16 జీబీ ర్యామే. అది చాలదంటే ఆఫీసులు తీసేసిన డెస్క్‌టాప్‌లు అదే సీటీసీలో దొరుకుతాయి, 32 జీబీ వేసుకుని ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లు నడిపే సిస్టమ్) పెట్టుకో.

ఇంకో సంగతి. ఆర్720 వచ్చింది 2012లో. దాంట్లో పట్టే జియాన్‌లకు ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ల సెట్ లేదు. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10కు అది తప్పనిసరి. ఉద్యోగం కోసం నేర్చుకునే సిస్టమే ఎక్కని మెషీన్ నీకెందుకు?

పాలమూరు_ర్యాక్:
అక్కా, రెడ్ హ్యాట్ 9 దానిమీద నడుస్తుంది. రెడ్ హ్యాట్‌కు సరిపోయేలా ఉచితంగా వచ్చే ఆల్మాలినక్స్ వాళ్లు 10కు పాత ప్రాసెసర్ల కోసం వేరే బిల్డ్ కూడా ఇస్తున్నారు. ప్రాక్స్‌మాక్స్‌కు ఏ అడ్డూ లేదు. అయినా మీ మాటలో న్యాయం ఉంది. రెడ్ హ్యాట్ 10 కచ్చితంగా కావాలంటే దీని తర్వాతి మోడల్ ఆర్730 చూడాలి, రేటు పెరుగుతుంది. కానీ 16 జీబీతో ఎన్ని వర్చువల్ మెషీన్లు లేపుతాడు? విండోస్ సర్వర్ రెండు, లినక్స్ నాలుగు పెడితే మినీ పీసీ చేతులెత్తేస్తుంది. 128 జీబీ ఉంటే చిన్న ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం ఇంట్లో కట్టుకోవచ్చు.

దేవరకొండ_స్క్రాప్:
స్క్రాప్‌కు పోయేదాన్ని ఇంకో నాలుగేళ్లు వాడితే అదీ మంచి పనే కదా?

మిర్యాలగూడ_మీటర్:
అన్నా, పక్కనే దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కట్టారు, అది నడిచేది బొగ్గుతోనే. పది వాట్లతో అయ్యే పనికి 150 వాట్లు పెట్టి పర్యావరణం పేరు చెప్పకండి. నాలుగు గంటలే నడుపుతానంటే నాకు అభ్యంతరం తక్కువ. కానీ మాట మీద నిలబడేది ఎంతమంది? మొదట ప్రాక్టీస్ అంటారు, తర్వాత ఫొటోల బ్యాకప్, ఆ తర్వాత ఇంట్లో సినిమాల సర్వర్. అక్కడి నుంచి ఆఫ్ చేయడం ఉండదు.

వనపర్తి_సుడో:
దీనికి మాత్రం మీటర్ అన్నకే నా ఓటు. బ్యాకప్‌కూ సినిమాలకూ మినీ పీసీయే పెట్టాలి. సర్వర్‌ను ల్యాబ్‌గా వాడతానంటే సరే.

పానగల్లు_పింగ్:
అందరికీ థాంక్స్. మా అమ్మకు వీడియోలో ఫ్యాన్ల సౌండ్ వినిపించాను. "పిండిమిల్లు పెడుతున్నావా" అన్నది. అయినా వద్దనలేదు. మెట్ల కింద స్టోర్ గదిలో పెట్టుకుంటాను, అక్కడ కాస్త చల్లగా ఉంటుంది. సాయంత్రాలే నడుపుతా, ఎండాకాలం రెండు నెలలు మూసేస్తా. శనివారం మళ్లీ షాపుకు పోతున్నా. అక్కడ ఏమేం చూసుకోవాలి?

పాలమూరు_ర్యాక్:
ముందు ఐడ్రాక్ ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ ఉందో లేదో చూడు. లేకపోతే దూరం నుంచి స్క్రీన్ కనపడదు, స్టోర్ గదిలో మానిటర్ పెట్టుకోవాలి. డిస్కులను కలిపి నడిపే రైడ్ కార్డు హెచ్310 ఇస్తున్నారా, హెచ్710 ఇస్తున్నారా అడుగు. రైడ్ 5 ప్రాక్టీస్‌కు హెచ్710 నయం. డిస్క్ ట్రేలు అన్నీ ఉన్నాయా లెక్కపెట్టు, తర్వాత విడిగా కొంటే నొప్పి తెలుస్తుంది. మామూలు పీసీల్లో వాడే సాటా డిస్కులు దీంట్లో నడుస్తాయి. దీనికి కొన్న ఎస్ఏఎస్ (సర్వర్ రకం) డిస్కులు మాత్రం రేపు మామూలు పీసీలోకి ఎక్కవు. ఇక ఐడ్రాక్‌ను ఎప్పుడూ నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకు, పాత ఫర్మ్‌వేర్.

మిర్యాలగూడ_మీటర్:
ప్లగ్‌కు పెట్టే వాట్ మీటర్ ఒకటి జేబులో వేసుకుపో. వాళ్లు చెప్పేది కాదు, అది చూపించేది ఇక్కడ రాయి.

పానగల్లు_పింగ్:
షాపు అన్నకు ఫోన్ చేశా. ఆన్ చేసి చూపిస్తా, కానీ డిస్క్ నువ్వే తెచ్చుకోవాలి అంటున్నాడు. నా దగ్గర పాత ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ ఉంది. దాని ట్రేలో పడుతుందా?

పాలమూరు_ర్యాక్:
2.5 అంగుళాల బేల మోడల్ అయితే నేరుగా పడుతుంది, 3.5 అయితే అడాప్టర్ కావాలి. చూసి రావడానికైతే అదీ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) వేసుకుపో. బూట్ అయ్యాక ఒక పావుగంట అలాగే వదిలేసి, అప్పుడు వాట్లు రాసుకో.