బేరం అనే మాట ఎక్కడిది? మీ దిక్కు ఏమంటారు?

పాలమూరు_కోడె:
పోయిన శనివారం మా మేనమామతో పెబ్బేరు సంతకు పోయాను. ఆయనకు ఎద్దు కావాలి. గంటన్నర సేపు ఒక కోడె చుట్టూ తిరిగారు, నోరు తెరిచి పళ్లు చూశారు, తోక పట్టి చూశారు, నడిపించారు. చివరికి మామ నా దగ్గరికొచ్చి "బేరం తెగిందిరా" అన్నాడు. పాపం తెగిపోయింది కదా అని నేను బండి స్టార్ట్ చేశాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. తెగింది అంటే కుదిరింది అనట! పుట్టింది పాలమూరే గానీ చదువంతా హైదరాబాదులో, నాకేం తెలుసు?
అప్పటి నుంచి ఈ మాట బుర్రలో తిరుగుతోంది. తెగితే కుదరడం ఎట్లా అయింది? అసలు బేరం అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఆఫీసులో ఒకతను ఇంగ్లీషు బార్గెయిన్ నుంచే వచ్చిందని పందెం కాస్తున్నాడు.

గుంటూరు_కోడలు:
మీదేం చూశారు, నా కథ వినండి. పెళ్లయి నల్గొండ వచ్చిన కొత్తలో కూరగాయలామె "తీస్కో బిడ్డా, అగ్గువకే ఇస్తున్న" అంది. అగ్గువ అంటే నాసిరకం సరుకేమో అనుకుని బుట్ట కింద పెట్టి వచ్చేశాను. మా అత్తగారు పడీ పడీ నవ్వారు. మా వైపు చవక అనేదాన్నే ఇక్కడ అగ్గువ అంటారట. ఆ మర్నాడే ఆవిడ "బెండకాయ పిరమైంది" అంటే ఎవరికి ప్రియం అని అడిగాను. పిరం అంటే ధర ఎక్కువట. ఇప్పుడు నాకూ అవే మాటలు వస్తాయి. పుట్టింటికి వెళ్లి "ఇంత పిరమా" అంటే మా అమ్మ వింతగా చూస్తుంది.
ఇంకోటి, మాకు అంగడి అంటే కొట్టు. ఇక్కడ వారానికోసారి జరిగే సంత.

దేవరకొండ_పంతులు:
మీ ఆఫీసతను పందెం ఓడిపోయాడని చెప్పండి. ఇంగ్లీషు బార్గెయిన్ పాత ఫ్రెంచి మాట. ఆ రెంటికీ మొదటి అక్షరం తప్ప ఇంకే చుట్టరికం లేదు. ఇంగ్లీషు వాళ్లు ఈ నేల మీద అడుగు పెట్టకముందే మన పాత పద్యాల్లో బేహారి ఉన్నాడు. బేహారి అంటే వర్తకుడు, బేహారం అంటే వర్తకం. సంస్కృతంలో వ్యవహారం, వ్యవహారి. అవి జనం నోట్లో నలిగి బేహారం, బేహారి అయ్యాయి. బేహారంలో నడుమ ఉన్న 'హా' జారిపోతే మిగిలింది బేరం. తమిళులు కూడా పేరం అనే అంటారు.
నమ్మకం కలగకపోతే మన ఊరి మాటలే చూడండి. వ్యవసాయాన్ని మనం ఏమంటాం? ఎవుసం. అంత పెద్ద మాట అంత చిన్నదయింది. ఇక వ్యవహారాన్ని? "వాళ్ల యవ్వారం తెగుతలేదు" అంటాం. అంటే ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు బిడ్డలు, ఒకరు యవ్వారం, ఇంకొకరు బేరం. పెద్దమనిషి పంచాయితీలో కూర్చున్నాడు, చిన్నోడు అంగట్లో తిరుగుతున్నాడు. (క్లాసులో ఇది చెప్పిన రోజు పిల్లలు మొదటిసారి నిద్రపోలేదు.)
తెగడం సంగతి. "తెగేసి చెప్పాడు" అంటే ఏమిటి? ఇక మాట్లాడేది లేదు, తేలిపోయింది అని. ధర తెగడమూ అంతే. నువ్వు లాగుతావు, వాడు లాగుతాడు. సాగినంత సేపు బేరం సాగుతుంది, తెగిన చోట ధర నిలుస్తుంది. కుదరకపోతే మీ మామ "తెగలే" అని ఉండేవాడు.

బత్తాయి_తోట:
పంతులు గారు చెప్పింది మాకు రోజూ అనుభవమే. ధర తగ్గించుకోవడం ఒక్కటే బేరం కాదు. మా ఊరి హోటలాయన సాయంత్రం దాకా గిరాకీ లేకపోతే "ఒక్క బేరం తగల్లే" అంటాడు. కొనేవాడే ఆయనకు బేరం. పొద్దున మొదటిది బోణీ బేరం, దాన్ని పోనీయడానికి ఎవరికీ మనసు రాదు. కొనేవాళ్లూ తెలివిగా షట్టరు లేవగానే వస్తారు.
మాది నల్గొండ దగ్గర ఆరెకరాల బత్తాయి. కాయ రంగు తిరిగేటప్పటికి బేరగాళ్లు తోటలోకి వస్తారు. మొదటివాడు వచ్చి, చూసి, ఏమీ అనకుండా పోతాడు. రెండోవాడు "మంగు ఉంది" అంటాడు, అంటే కాయ తొక్క మచ్చపడిందని. మూడోవాడు టన్నుకు ఒక రేటు చెప్తాడు. అప్పటికి మనకు టెన్షన్ మొదలవుతుంది, కాయ చెట్టు మీద ఆగదు కదా. ఒక ఏడాది రేటు గట్టిగా మాట్లాడుకున్నా, చాలా సంతోషపడ్డా. కాటా దగ్గర టన్నుకు ఇంత తరుగు అని కోసుకున్నాడు. ధర నేను గెలిచా, తూకం వాడు గెలిచాడు. అప్పటి నుంచి నేను ముందు తరుగు బేరం చేసి, తర్వాతే రేటు బేరం చేస్తా.
అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మా నాయన ఊరికే అనలేదు.

చిన్నోణ్ణి:
అందరూ పెద్ద పెద్ద మాటలు చెప్తున్నరు. పెద్ద బేరాలు జరుగుతాయి కాబట్టే పెద్దబేరు, పెబ్బేరు అయిందని నేనంటున్న. ఎవరన్న కాదంటరా?

దేవరకొండ_పంతులు:
నేనంటా. కూర్చో.

తుంగభద్ర_ఒడ్డు:
మాది అలంపూర్. మా తాత కాలంలో బేరానికి ఇంకో మెలిక ఉండేది, అది ఇప్పటివాళ్లకు తెలియదు. అప్పట్లో అలంపూర్, గద్వాల నైజాం రాజ్యంలో రాయచూరు జిల్లా కింద ఉండేవి, 1956లో మహబూబ్‌నగర్‌లో కలిశాయి. ఏరు దాటితే కర్నూలు, అది ఇంగ్లీషోళ్ల మద్రాసు రాజ్యం. ఇటు హాలీ రూపాయి, అటు కల్దార్ రూపాయి. 1950 నాటి లెక్కలో ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానం.
మా తాత మేకలు తోలుకుని ఏరు దాటి పోయాడట. డెబ్బైకి తెగింది. ఈయన మనసులో డెబ్బై కల్దార్, కొన్నవాడి మనసులో డెబ్బై హాలీ, అంటే అరవై కల్దార్. పైసలు లెక్కబెట్టేటప్పుడు రభస. చివరికి అరవై ఐదుకు ఒప్పుకున్నారు, మేకలు మాత్రం అప్పటికే వాడి దొడ్లో ఉన్నాయి. తర్వాత ఎవడు ధర అడిగినా మా తాత మొదటి ప్రశ్న "హాలీనా, కల్దారా?" అని. హాలీ ముద్రణ 1951లో ఆగింది, 1959లో పూర్తిగా చెల్లకుండా పోయింది. ఆయన ఆ ప్రశ్న మాత్రం పోయేదాకా మానలేదు. నేను సైకిల్ కొనుక్కున్నప్పుడు కూడా అడిగాడు.

క్లాక్‌టవర్_సౌదా:
పాలమూరు టౌన్‌లో మా దుకాణంలో సగం మాటలు ఉర్దూవే. సరుకును సౌదా అంటాం, బేరాన్నీ సౌదా అంటాం. ముందుగా ఇచ్చే పైసలు బయాన. మధ్యలో ఉండేవాడు దలాల్, తెలుగులో దళారి అయ్యాడు. అప్పు ఉద్దెర. "భావ్ తావ్ నక్కో", అంటే బేరాలాడొద్దు అని బోర్డు పెట్టినా ఆగరు. కిలో పప్పు కట్టించుకున్నాక గుప్పెడు కొసరు వేయమంటారు. కొసరు వేయకపోతే రేపు రారు, అది కూడా ధరలో కలుపుకునే అమ్ముతాం, దాచడమెందుకు.
పంతులు గారూ, అగ్గువకు మూలం ఏంటి? మేం పిరాన్ని మహంగా అంటాం.

దేవరకొండ_పంతులు:
మంచి చోట తగిలారు. సంస్కృతంలో అర్ఘం అంటే వెల. మహార్ఘం అంటే ఎక్కువ వెల, అదే మీ మహంగా. కన్నడంలో చవకను అగ్గ అంటారు. మన అగ్గువను, ఆ అగ్గను ఈ అర్ఘం ఇంటికే చేర్చినవాళ్లున్నారు. అలాగైతే మీ మహంగా, మా అగ్గువ చుట్టాలే. పిరం మాత్రం గుంటూరు అమ్మాయి అడిగిన ప్రియమే. ప్రియానికి ఇష్టం అనే కాక వెల ఎక్కువ అనే అర్థం కూడా తెలుగులో ఎప్పటి నుంచో ఉంది.

పాలమూరు_కోడె:
బాగుంది. ఇంకో డౌట్. సంతలో మామ, అమ్మేటాయన చేతుల మీద తువ్వాల కప్పుకున్నారు. ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు.

దలాల్_కొడుకు:
మా నాయన పని అదే, నేను చెప్తా. తువ్వాల కింద వేళ్లు పట్టుకుంటారు. రెండు వేళ్లు పట్టుకుంటే రెండు, చేయి మొత్తం పట్టుకుంటే ఐదు. రెండు అంటే రెండు వేలా, ఇరవై వేలా అని అడిగేవాడు సంతకు రాకూడదు, పశువును చూసిన ఇద్దరికీ తెలుసు. నోటితో మాత్రం "ఏం బావా, వానలెట్లున్నయ్" అంటుంటారు.
ఎందుకు దాచాలి అంటే, ఈ బేరం తెగకపోతే తర్వాతి మనిషికి ఆ అంకె తెలియకూడదు. ముప్పైకి అడిగారని తెలిస్తే వాడు ముప్పై ఒకటి దాటడు. పొద్దున కొని మధ్యాహ్నం అక్కడే అమ్మే మారుబేరగాళ్లు ఉంటారు, వాళ్లకైతే ఈ తువ్వాలే పెట్టుబడి. ఇప్పుడు చాలామంది వాట్సాప్‌లో ఫోటో పెట్టి రేటు రాస్తున్నారు, మా నాయనకు అది చూస్తే ఒళ్లు మంట.
పళ్లు చూడడం మీరూ నేర్చుకోండి. కింది దవడకే ముందు పళ్లుంటాయి. రెండు, నాలుగు, ఆరు అని జతలుగా వస్తాయి. వాటిని బట్టే వయసు. ఎనిమిదీ వచ్చాక అరుగుదల చూసి చెప్పాలి, అక్కడే మోసపోతారు. మీ మామ కొన్నది ఎన్ని పళ్లది?

పాలమూరు_కోడె:
నాలుగు. జత కోసం వచ్చే శనివారం మళ్లీ పోతున్నాం.

దలాల్_కొడుకు:
అయితే పలుపుతాడు ఊళ్లోనే కొనుక్కుని పోండి. పాత పలుపును చాలామంది ఇయ్యరు, విప్పి ఇంటికి తీసుకుపోతారు. చేతిలో ఎద్దును పట్టుకుని తాడు కొనబోతే ఆ తాడువాడు అగ్గువకు ఇస్తాడా?